కోళ్లు, కుందేళ్లు ఉన్న పెరట్లో అల్లరి కుక్క: రైతులు పాటించాల్సిన జాగ్రత్తలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎకరం, రెండెకరాల రైతు పెరట్లో ఒక ఆవు, నాలుగు మేకలు, పది పదిహేను కోళ్లు, వాటి మధ్య ఒక నాటు కుక్క కనిపించడం మామూలే. కొందరు కుందేళ్లు కూడా పెంచుతున్నారు. రాత్రిపూట నక్క, జంగపిల్లి పెరట్లోకి రాకుండా కాసేది కుక్కే. ఉద్దానం జీడి, కొబ్బరి తోటల్లో ఎలుగుబంటి అలికిడి ముందుగా పసిగట్టేదీ అదే. అలాంటి కుక్క ఒకరోజు సొంత ఇంటి కోడినే నోట కరుచుకుని కనిపిస్తే ఇంట్లో వాళ్లకు ఏం చేయాలో తోచదు. కొందరు చావబాదుతారు. కొందరు పొరుగూరి పొలిమేరలో వదిలేసి వస్తారు. మందు పెట్టేవారూ ఉన్నారు.

అంత దూరం పోవాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. కదిలే దాని వెంట పడటం కుక్క పుట్టుక గుణం. రెక్కలు కొట్టుకుంటూ పరుగెత్తే కోడిని చూస్తే లేత కుక్కకు అది ఆటే. ఆ గుణాన్ని పూర్తిగా పోగొట్టలేం గానీ అదుపులో పెట్టవచ్చు. అందుకు ఒక్క నియమం తప్పకుండా పాటించాలి. శిక్షణ పూర్తయ్యే వరకు కుక్క, కోళ్లు ఒకేచోట మనిషి కాపలా లేకుండా ఉండకూడదు. ఇకపై చెప్పేవన్నీ ఈ నియమాన్ని రోజువారీ పనుల్లో ఎలా అమలు చేయాలో చెప్పేవే.

ముందు దొంగ ఎవరో తేల్చుకోండి

కోడి చచ్చిందనగానే కుక్క మీద పడకండి. గుర్తులు చూడండి.

- కుక్క పని అయితే ఈకలు పెరడంతా చెల్లాచెదురుగా ఉంటాయి. ఒకేసారి మూడు నాలుగు కోళ్లు చచ్చి పడి ఉండొచ్చు. వీపు మీద, తొడల మీద పెద్ద గాట్లు ఉంటాయి. తినకుండా వదిలేసిన కోళ్లే ఎక్కువ.
- ముంగిస అయితే మెడ, తల దగ్గర కొరుకుతుంది. సన్నని సందులోంచి కూడా గూట్లోకి దూరుతుంది. గుడ్లు పగలగొట్టి తాగుతుంది.
- జంగపిల్లి, నక్క సాధారణంగా ఒక కోడిని ఎత్తుకుపోతాయి. కంచె పక్కన కొన్ని ఈకలు మాత్రమే మిగులుతాయి.
- పాము అయితే గుడ్లు, చిన్న పిల్లలు జాడ లేకుండా మాయమవుతాయి.
- పట్టపగలు పిల్లలు ఒక్కొక్కటిగా తగ్గిపోతుంటే గద్దను, కాకిని అనుమానించాలి.
- గాయం లేకుండా కోళ్లు వరసగా చనిపోతుంటే, ఆకుపచ్చ విరేచనాలు, మెడ తిరిగిపోవడం కనిపిస్తే అది కొక్కెర తెగులు కావచ్చు. వెంటనే పశువైద్యునికి చూపించాలి.

ముంగిస చంపిన కోడిని తర్వాత కుక్క నోట పట్టుకుని తిరగడం కూడా జరుగుతుంది. కాబట్టి నోట్లో కోడి ఉన్నంత మాత్రాన చంపింది అదేనని అనుకోవద్దు.

కుక్క ఎందుకు అల్లరి చేస్తుంది

నాలుగు నుంచి ఆరు నెలల వయసులో పాల పళ్లు ఊడి కొత్త పళ్లు వస్తాయి. ఆ సమయంలో చెప్పులు, నీటి గొట్టాలు, గోనె సంచులు దొరికినవన్నీ కొరుకుతుంది. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర వరకు ఒంట్లో ఉరకలు ఎక్కువ. కోళ్ల మీద దాడులు ఎక్కువగా ఈ వయసులోనే మొదలవుతాయి. దీనికి తోడయ్యే కారణాలు ఇవి.

- చాలని తిండి. రోజూ గంజి, మిగిలిన చోడి అంబలి మాత్రమే పోస్తే కడుపు నిండినా మాంసకృత్తులు అందవు. చేప, పప్పు, పెరుగు వంటివి ఏదో ఒకటి కలపాలి. వేళకు రెండు పూటలా పెట్టాలి.
- రోజంతా కట్టేసి ఉంచడం. అలా ఉంచిన కుక్క విడిచిన మరుక్షణం ఉరికేది కోళ్ల మీదికే.
- కోసిన కోడి పేగులు, తల, కాళ్లు దాని ముందు పడేయడం. చచ్చిన కోడిని పెంట మీద పారేయడం. కోడి వాసన అంటే తిండి అని దానికి మనమే నేర్పినట్టవుతుంది.
- ఊరకుక్కల గుంపు. ఇంట్లో బుద్ధిగా ఉండే కుక్క కూడా గుంపులో చేరితే వేటకు దిగుతుంది.

కోళ్ల గూడు, కంచె

శిక్షణ కంటే ముందు చేయాల్సింది గూడు బాగు చేసుకోవడం. సన్నని కోడి జాలీ కోళ్లను లోపల ఉంచుతుంది గానీ కుక్కను ఆపలేదు. పంటితో, గోళ్లతో చీల్చేస్తుంది. గూటికి గట్టి వెల్డ్ మెష్ వాడండి. అంత ఖర్చు పెట్టలేకపోతే కింది మూడు అడుగుల వరకైనా మెష్ వేసి, పైన వెదురు తడిక కట్టుకోవచ్చు.

కుక్క ఎక్కువగా కింద నుంచి తవ్వి దూరుతుంది. మెష్ కింది అంచును అడుగు లోతున పాతిపెట్టండి. ఇసుక నేల అయితే అంచును బయటి వైపు అడుగున్నర మేర నేల మీద పరిచి రాళ్లు పేర్చండి. కంచె ఎత్తు ఐదు అడుగులకు తగ్గకూడదు. నేల నుంచి రెండు అడుగుల ఎత్తు వరకు కొబ్బరి మట్టలు, తాటాకులు అడ్డంగా కట్టండి. కోళ్ల కదలిక కళ్లబడకపోతే కుక్క ఉద్రేకం సగం తగ్గుతుంది.

వనరాజ, గ్రామప్రియ వంటి పెరటి రకాల పిల్లలను మొదటి ఐదారు వారాలు విడిగా వెచ్చని చోట పెంచి ఆ తర్వాతే బయట వదులుతారు. ఆ గదిలోకి కుక్కను అసలు రానివ్వకూడదు. తల్లికోడి కింద పిల్లలు ఉంటే పగలు కూడా గంప బోర్లించి పైన బరువు పెట్టండి. ఖాళీ గంపను కుక్క ముట్టెతో తోసేస్తుంది.

గుడ్లు రోజుకు రెండుసార్లు ఏరుకోవాలి. గడ్డివాము కింద, మట్టల పోగుల్లో పెట్టే గుడ్లు కుక్కకు ముందు దొరుకుతాయి. గుడ్డు రుచి మరిగితే అక్కడి నుంచి పొదిగే పెట్ట దాకా వెళ్తుంది.

కుందేళ్లకు మరింత జాగ్రత్త

కుందేలును కుక్క కరవనక్కర్లేదు. బోను చుట్టూ తిరుగుతూ మొరిగితే చాలు, భయంతోనే చనిపోవచ్చు. బెదిరి గట్టిగా తన్నుకున్నప్పుడు వెన్ను విరిగి వెనక కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. ఈనిన తల్లి బెదిరితే పిల్లలను తొక్కేస్తుంది. ఒక్కోసారి తినేస్తుంది కూడా. కుందేలు చూలు కాలం సుమారు 31 రోజులు. జత కట్టించిన తేదీ రాసి పెట్టుకుని, ఈనే వారం ముందు నుంచి పిల్లలు కళ్లు తెరిచి పెట్టెలోంచి బయటకు వచ్చే వరకు, అంటే ఈనిన తర్వాత మూడు వారాల దాకా, కుక్కను ఆ వైపు పోనివ్వకండి.

బోనులు నేలకు కనీసం మూడు అడుగుల ఎత్తున ఉండాలి. బోను అడుగు జాలీ లోంచి కిందికి జారిన కాళ్లను కుక్క కింద నుంచి కొరికేస్తుంది. కాబట్టి అడుగుకు అర అంగుళం కన్నుల జాలీ వేయించి, స్టాండు చుట్టూ కూడా జాలీ కట్టాలి. తలుపుకు గడియతో పాటు తీగ ముడి వేయండి. ముట్టెతో గడియ ఎత్తడం కుక్కలు తొందరగా నేర్చుకుంటాయి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కుక్క కడుపులోని ఒక రకం బద్దె పురుగు గుడ్లు దాని మలం ద్వారా గడ్డి మీదికి చేరతాయి. ఆ గడ్డి తిన్న కుందేలు కాలేయంలో, పొట్టలో నీటి బుడగల్లాంటి తిత్తులు ఏర్పడతాయి. ఆ కుందేలును కోసి పేగులు కుక్కకు వేస్తే మళ్లీ కుక్కకు పురుగులు పడతాయి. అందుకే కుందేళ్లకు గడ్డి కోసే మడిలోకి కుక్కను పోనివ్వవద్దు. కుందేలు పేగులు, కాలేయం కుక్కకు వేయవద్దు. సున్నం చల్లి లోతుగా పాతిపెట్టండి.

తోటల్లో తిరిగే చెవులపిల్లి మన పెంపుడు కుందేలు కాదు. దానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉంది. దాని వేటకు కుక్కను ఉసిగొల్పడం నేరం. పైగా ఆ వేట రుచి తెలిసిన కుక్క ఇంటి కుందేలును వదలదు.

కట్టడం, విడవడం: రోజువారీ వరస

కుక్కను రోజంతా కట్టేయకూడదు. అలాగని రోజంతా వదిలేయకూడదు. ఈ వరస అలవాటు చేసుకోండి.

- సాయంత్రం ముందుగా కోళ్లను గూట్లోకి తోలి తలుపు వేయాలి. ఆ తర్వాతే కుక్కను విడవాలి. రాత్రి కాపలాకు అది స్వేచ్ఛగా తిరగాలి.
- తెల్లవారి ముందుగా కుక్కను పిలిచి కట్టాలి. ఆ తర్వాతే గూడు తలుపు తీయాలి.
- పగలు ఒకసారి తాడుతో పొలం గట్ల మీద అరగంట తిప్పాలి. తిరిగి వచ్చిన కుక్క కాసేపు పడుకుంటుంది.

ఇంట్లో ఎవరు గూడు తెరిచినా ఈ వరస తప్పకూడదు. పిల్లలకు, పెద్దవాళ్లకు కూడా చెప్పి ఉంచండి.

పగలు కట్టడానికి రెండు కొబ్బరి చెట్ల మధ్య ఇనుప తీగ లాగి, దానిలో ఒక రింగు వేసి, రింగుకు తాడు కట్టండి. కుక్క ఇరవై ముప్పై అడుగులు అటూ ఇటూ నడవగలుగుతుంది. తాడు చెట్టుకు చుట్టుకోకుండా తీగకు రెండు చివర్లా ముడి వేయాలి. నీడ, నీళ్లు అందుబాటులో ఉండాలి. మరీ పొట్టి గొలుసుతో, మరీ బరువైన గొలుసుతో ఎక్కువసేపు కట్టి ఉంచడం జంతు హింస నివారణ చట్టం, 1960 ప్రకారం నేరం. మెడకు తాడు ఉరి వేయవద్దు. రెండు వేళ్లు దూరేంత వదులుగా వెడల్పాటి బెల్టు వేయండి.

శిక్షణ: నాలుగు మెట్లు

రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు చాలు. ఇంట్లో ఒకరే నేర్పితే త్వరగా వస్తుంది. బహుమతిగా ఉడికించి ముళ్లు తీసిన చేప ముక్క, రొట్టె ముక్క వంటివి వాడండి. కోడి మాంసం, గుడ్డు వాడవద్దు.

మొదటి మెట్టు. కోళ్లు లేని చోట "రా", "కూర్చో", "వద్దు" అనే మూడు మాటలు నేర్పాలి. అందరూ అవే మాటలు వాడాలి. ఒకరు "వద్దు" అని, ఇంకొకరు "ఛీ" అని, మరొకరు "పో" అని అంటే దానికి ఏదీ అర్థం కాదు. పేరు పెట్టి పిలవగానే వచ్చినప్పుడల్లా ముక్క ఇవ్వండి. వారం, పది రోజులు పడుతుంది.

రెండో మెట్టు. పది అడుగుల తాడుతో, కోళ్లు కంచె లోపల ఉండగా, కంచెకు ముప్పై అడుగుల దూరంలో కూర్చోబెట్టండి. కోళ్ల వైపు చూసి మళ్లీ మీ వైపు చూసిన క్షణంలో ముక్క ఇవ్వండి. చెవులు నిక్కించి, ఒళ్లు బిగించి చూపు తిప్పకుండా ఉంటే దూరం చాలలేదని అర్థం. కొట్టకుండా ఇంకొంచెం వెనక్కి తీసుకెళ్లండి. రోజుకు కొంత చొప్పున దూరం తగ్గిస్తూ రండి.

మూడో మెట్టు. కంచె పక్కన నిశ్చింతగా పడుకునే స్థితి వచ్చాక, తాడు చేతిలో ఉంచుకుని రెండు మూడు పెద్ద కోళ్లను బయట వదలండి. పిల్లలు, పొదిగే పెట్ట వద్దు. పొగరు పుంజును కూడా ముందే వదలవద్దు. అది పొడిస్తే కుక్క తిరగబడుతుంది. కుక్క ఉరకబోతే తాడుతో ఆపి "వద్దు" అనండి, మీ వైపు తిరగగానే మెచ్చుకోండి.

నాలుగో మెట్టు. మూడు నాలుగు వారాలు ఒక్కసారి కూడా ఉరకకపోతే తాడు నేల మీద ఈడ్చుకునేలా వదిలి, మీరు పక్కనే పని చేసుకోండి. అవసరమైతే తాడు మీద కాలు వేస్తే సరిపోతుంది. తాడు పూర్తిగా తీసే రోజు తొందరగా రాకపోయినా కంగారు పడవద్దు. లేత కుక్కకు రెండు మూడు నెలలు పట్టడం సహజం.

కొత్తగా కుక్కపిల్లను తెచ్చుకునేవారికి ఈ పని సులువు. తల్లి దగ్గర ఎనిమిది వారాలు ఉన్న పిల్లను తెచ్చుకుని, మొదటి రోజు నుంచి కోళ్ల మధ్య చేత్తో పట్టుకుని కూర్చుంటే వాటిని ఇంటి మందగా చూడటం అలవాటవుతుంది.

కుందేళ్ల విషయంలో మాత్రం నాలుగో మెట్టు లేదు. ఎంత నమ్మకమైన కుక్కయినా బోను బయట ఉన్న కుందేలుతో ఒంటరిగా వదలకండి.

చేయకూడని పనులు

- చచ్చిన కోడిని మెడకు కట్టి తిప్పడం. దీనివల్ల కుక్క ఏమీ నేర్చుకోదు. కుళ్లిన మాంసం దాని నోటి దగ్గరే ఉంటుంది, రోగాలు వస్తాయి.
- గంట తర్వాత చూసి కొట్టడం. తను చేసిన పనికి, దెబ్బకు సంబంధం దానికి తెలియదు. మనిషిని చూసి దాక్కోవడం, దొంగచాటుగా చంపడం నేర్చుకుంటుంది.
- నోట్లో కోడి ఉండగా వెంటపడటం. కుక్క అది ఆట అనుకుంటుంది. కదలకుండా నిలబడి "రా" అని పిలిచి, వేరే ముక్క చూపించి వదిలించాలి.
- గుడ్డులో కారం పెట్టడం. ఒకసారి తగ్గినా మళ్లీ మొదటికే వస్తుంది.
- గుళికల మందు అన్నంలో కలిపి పెట్టడం. ఆ మందు తిన్న కుక్క కక్కింది కోళ్లు పొడిచి తింటాయి. పిల్లలు ముట్టుకునే ప్రమాదం ఉంది. జంతువుకు విషం పెట్టి చంపడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడగల నేరం.

ఇల్లు ఖాళీగా ఉండే రోజులు

వరి ఉభాల సమయంలో, కోతల సమయంలో, ఉద్దానంలో జీడిపిక్కలు ఏరే వేసవి నెలల్లో ఇంటిల్లిపాదీ పొద్దున్నే వెళ్లి సాయంత్రం వస్తారు. కుక్క, కోళ్లు మాత్రమే ఇంటి దగ్గర మిగులుతాయి. ఆ రోజుల్లో కుక్కను మీతో తోటకు తీసుకెళ్లండి. లేదా కోళ్లను కంచె లోపలే ఉంచి మేత, నీళ్లు పెట్టి వెళ్లండి. కుదరకపోతే కుక్కను తీగకు కట్టి, మధ్యాహ్నం ఒకసారి నీళ్లు చూడమని పొరుగువారికి చెప్పండి. దీపావళి బాణసంచా చప్పుడుకు బెదిరి తాడు తెంచుకునే కుక్కలు ఉంటాయి. ఆ రాత్రి గదిలో ఉంచడం మేలు. సంక్రాంతికి చుట్టాలు వచ్చినప్పుడు గేటు, గూడు తలుపు తెరిచి వదిలేయకుండా ముందే చెప్పండి.

కోడి, కుందేలు గాయపడితే

గాయాన్ని శుభ్రమైన నీటితో కడిగి, పోవిడోన్ అయోడిన్ రాయండి. చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న చోట విడిగా ఉంచండి. లేకపోతే మిగిలిన కోళ్లు గాయాన్ని పొడుస్తాయి. ఈగలు వాలకుండా చూడండి. చిన్న పంటి గాటు పైకి కనిపించకపోయినా లోపల చీము పడుతుంది. కుందేలు మేత ముట్టకుండా మూలకు నక్కితే అదే రోజు పశువైద్యునికి చూపించాలి. పిచ్చికుక్క కరిచిన కోడిని, కుందేలును కోయకండి, తినకండి.

టీకాలు, నట్టల మందు, ఆపరేషన్

కుక్కకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా, పశువైద్యుడు చెప్పిన తేదీకి రెండో డోసు, ఆ తర్వాత ఏటా ఒకసారి తప్పనిసరి. పిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాల నుంచే పార్వో తదితర వ్యాధుల టీకాలు మొదలుపెట్టాలి. పెద్ద కుక్కకు మూడు నెలలకోసారి నట్టల మందు తాగించాలి. ఆరు నెలలు దాటాక పశువైద్యుని సలహాతో ఆపరేషన్ చేయిస్తే ఊరంతా తిరగడం, గుంపుల్లో చేరడం తగ్గుతుంది. కోళ్ల వెంట పడే గుణం మాత్రం ఆపరేషన్‌తో పోదు. దానికి శిక్షణే మందు.

అల్లరికి, రోగానికి తేడా గమనించండి. నిన్నటి వరకు మామూలుగా ఉన్న కుక్క ఉన్నట్టుండి చీకట్లో నక్కడం, గొంతు మారడం, చొంగ కార్చడం, నీళ్లు మింగలేకపోవడం, కర్రా రాయీ కనిపించిందల్లా కరవడం చేస్తే రేబిస్ అనుమానించాలి. దగ్గరకు వెళ్లవద్దు. వెంటనే పశువైద్యునికి తెలపండి.

కోడిని విడిపించబోయి మీకు పన్ను తగిలినా, గోరు గీరుకున్నా తేలిగ్గా తీసుకోవద్దు. ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, 3, 7, 28వ రోజుల్లో టీకా వేస్తారు. లోతు గాయమైతే దానితో పాటు గాయంలో వేసే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం.

అన్నీ చేసినా మారకపోతే

ఏళ్ల తరబడి కోళ్లు చంపడం అలవాటైన పెద్ద కుక్క పూర్తిగా మారుతుందని ఆశించవద్దు. దానికి శాశ్వతంగా కంచె వేరు చేయాలి. పగలు గేటు వైపు, రాత్రి పెరట్లో అనే వరసతో అది మంచి కాపలా కుక్కగానే ఉంటుంది. అదీ కుదరకపోతే కోళ్లు లేని ఇంటికి, దాని అలవాటు దాచకుండా చెప్పి ఇవ్వండి. ఊరి బయట వదిలేస్తే అది మరో రైతు గూటి మీద పడుతుంది.

మీ కుక్క పొరుగింటి కోడిని చంపితే వెంటనే ధర కట్టి ఇచ్చేయండి. పెట్ట అయితే పోయింది ఒక కోడి మాత్రమే కాదు, అది పెట్టబోయే గుడ్లు, పొదగబోయే పిల్లలు కూడా అని గుర్తుంచుకోండి. చాలా ఇళ్లలో ఆ గుడ్ల డబ్బు ఆడవాళ్ల చేతి ఖర్చు. అక్కడ మాట పెరిగితే రేపు మీ కుక్కకే మందు పెడతారు.

ఎవరిని సంప్రదించాలి

టీకాలకు, గాయాలకు మీ మండల పశువైద్యశాలను, గ్రామ రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుణ్ణి కలవండి. సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. పెద్ద చికిత్సలకు విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. పెరటి కోళ్ల పెంపకంపై సలహాలకు శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస, పార్వతీపురం మన్యం జిల్లాలో రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రాలను సంప్రదించవచ్చు.

ఈ రోజు సాయంత్రం నుంచే మొదలుపెట్టండి. ముందు కోళ్లు లోపలికి, తర్వాత కుక్క బయటికి. రేపు ఉదయం ముందు కుక్క కట్టుకు, తర్వాత కోళ్లు బయటికి. దీనికి పైసా ఖర్చు లేదు.